చిల్లులు పడినా చావని కణాలు

జబ్బు తగ్గడమంటే మందు పడి క్రిములు చావడమేనని చాలామంది రోగులు నమ్ముతారు. వైద్య కళాశాలలో మేమూ ఎక్కువగా ఆ దారినే చదువుకున్నాం. ఫలానా క్రిమికి ఫలానా యాంటీబయాటిక్, ఇన్ని మిల్లీగ్రాములు, ఇన్ని రోజులు. పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చి ప్రాక్టీసు మొదలుపెట్టాక, కొన్ని కేసులు ఈ లెక్కలో నేను పెద్దగా పట్టించుకోని రెండో సగాన్ని చూపించాయి. క్రిమి చావాలి, సరే. అది చచ్చేదాకా దానితో తలపడుతున్న మన కణాలు బతికి ఉండాలి కదా! ఒకే క్రిమి, ఒకే మందు, ఒకే మోతాదు. ఒకరు మూడో రోజుకు లేచి కూర్చుని ఇడ్లీ అడుగుతారు. ఇంకొకరు ఐసీయూకి వెళతారు. ఈ తేడాకు కారణం చాలాసార్లు మందులో కనిపించదు, ఆ రెండో సగంలో ఉంటుంది.

ఇక్కడ నేను చెప్పబోయే రోగులను ఎవరూ గుర్తుపట్టకుండా ఊళ్లు, వయసులు, కొన్ని వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన సంగతులు మార్చలేదు.

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అంటే సగం తెలుగు ఊరే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చిన మత్స్యకార కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తమ మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. అందుకే నా ఓపీలో హిందీ, బెంగాలీతో పాటు ఉత్తరాంధ్ర యాస కూడా రోజూ వినబడుతుంది.

ఆ యాసతోనే ఒక నడివయసు వేటగాడు వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. వల దులుపుతుంటే జెల్ల ముల్లు అరచేతిలో దిగింది. పీకేసి, పసుపు అద్ది, మర్నాడు మళ్లీ వేటకు పోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మణికట్టు దాటి వాచింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. ఒళ్లు కాలిపోతోంది. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర మూడు వందలు దాటింది. తనకు షుగరు ఉందని ఆయనకు అంతవరకు తెలియదు.

మత్తు ఇచ్చి గడ్డ కోశాం. చీముతో ట్రే సగం నిండింది. బయట కూర్చున్న ఆయన భార్య దాన్ని చూసి అడిగింది: "ఏటి బాబూ, చిన్న ముల్లుకి ఇంత చీము ఎక్కడ్నుంచొచ్చినాది?"

మంచి ప్రశ్న. చీము బయటి నుంచి వచ్చింది కాదు, క్రిమి ఒక్కటే తయారుచేసిందీ కాదు. అందులో ఎక్కువ భాగం మన తెల్లకణాలే. ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, చచ్చినవీ చావబోతున్నవీ. మన ఎముకల మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను రక్తంలోకి పంపుతుంది. ముల్లు దిగిన చోటికి ముందుగా చేరేవి అవే. ఇలా గుచ్చుకున్న ముల్లు చుట్టూ కణాలు మూగడాన్ని మొదట గమనించి దాని అర్థం పట్టుకున్నవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సినా సముద్ర తీరాన, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో ఆయన ముల్లు గుచ్చి చూశాడు. తెల్లవారేసరికి కదిలే కణాలు ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. ఆ పరిశీలన 1908లో ఆయనకు నోబెల్ బహుమతి దాకా దారితీసింది.

మెచ్నికోవ్ చూసింది కణాలు చేరడం. మా ట్రేలో కనిపించింది అవి పెద్ద సంఖ్యలో చావడం. వాటిని చంపిందెవరు?

చీమును కల్చర్‌కు పంపితే స్టాఫిలోకాకస్ ఆరియస్ పెరిగింది. మనందరి ముక్కుల్లో, చర్మం మీద తరచూ కాపురముండే క్రిమే. ఇది తెల్లకణాలను తప్పించుకోవడంతో ఆగదు, వాటికి చిల్లులు పెడుతుంది. ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు. స్టాఫ్ వదిలే ఆల్ఫా టాక్సిన్ ముక్కలు ఏడు ఆ పొర మీద వలయంగా కూడి, మధ్యలో గొట్టంలాంటి రంధ్రం చేస్తాయి. అదే క్రిమికి ల్యూకోసిడిన్లు అనే మరో కుటుంబం ఉంది. వాటిలో ప్రసిద్ధమైనది 1932లో పాంటన్, వాలెంటైన్ అనే ఇద్దరు వర్ణించిన పాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్. దాని రెండు రకాల ముక్కలు నాలుగేసి కలిసి, మొత్తం ఎనిమిదింటితో రంధ్రం చేస్తాయి. ఈ టాక్సిన్ న్యూట్రోఫిల్ మీద ఒక ప్రత్యేకమైన గ్రాహకాన్ని పట్టుకుని దిగుతుంది. ఆ గ్రాహకం ఏదో 2013లో తేలింది: సీ5ఎ గ్రాహకం. మంట ఉన్న చోటికి న్యూట్రోఫిల్‌కు దారి చూపించే గ్రాహకం అది. ఏ గుర్తుతో తెల్లకణం యుద్ధానికి వస్తుందో, ఆ గుర్తునే పట్టుకుని క్రిమి దాన్ని చంపుతుంది. ఎలుకల్లో ఆ గ్రాహకం ఆకారం వేరు. అందుకే ఎలుకల న్యూట్రోఫిల్స్‌కు ఈ టాక్సిన్ పెద్దగా అంటదు. మనుషుల జబ్బును ఎలుకల్లో చూసి అర్థం చేసుకోవాలనుకున్న పరిశోధకులు దీనివల్ల చాలా ఏళ్లు తికమకపడ్డారు.

స్టాఫ్ టాక్సిన్ ఎంత ప్రమాదకరమో ప్రపంచానికి తెలిసింది ఒక ఘోరం వల్ల. 1928 జనవరిలో ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌లో 21 మంది పిల్లలకు డిఫ్తీరియా టీకా వేశారు. సీసాలో క్రిములు పెరగకుండా కలపాల్సిన మందు లేదు. దాంట్లో స్టాఫ్ చేరి పెరిగింది. పన్నెండు మంది పిల్లలు చనిపోయారు. ఆ విచారణలో పనిచేసిన యువ శాస్త్రవేత్త మాక్‌ఫార్లేన్ బర్నెట్ అక్కడి నుంచే స్టాఫ్ టాక్సిన్ మీద పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాత ఇమ్యూనాలజీ పరిశోధనకు నోబెల్ అందుకున్నాడు. ఇన్నేళ్లయినా స్టాఫ్‌కు మాత్రం మనుషులకు వేసే టీకా ఇంకా రాలేదు.

నేను కట్టు మార్చే రోజుల్లో ఇదంతా ఆ వేటగాడికి నాకు చేతనైన తెలుగులో చెప్పాను. ఆయన విని అడిగాడు: "మా పడవకి చిల్లి పడితే దొరికిన గుడ్డ కుక్కి, నీళ్లు తోడుకుంటా ఒడ్డుకొచ్చేస్తాం గదా బాబూ. ఈ కణాలకి ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. నా పాఠ్యపుస్తకాల్లో లేని ప్రశ్నను ఆయన అడిగాడు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

మన రక్తంలో, కణాల చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం ఎక్కువ. కణం లోపల అది దాదాపు పదివేల రెట్లు తక్కువ. చిల్లి పడగానే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఆ కాల్షియమే కణానికి 'పొర తెగింది' అన్న సంకేతం. ఈ సంగతి మొదట బయటపడింది కూడా సముద్రంలోనే. ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ గుడ్లను చింపి చూసిన హైల్‌బ్రన్ అనే శాస్త్రవేత్త, మామూలు సముద్రపు నీటిలో చిరుగు మూసుకుంటోందనీ, కాల్షియం లేని నీటిలో మూసుకోవడం లేదనీ 1930 ప్రాంతంలోనే రాశాడు. ఆ సీ అర్చిన్ల ముళ్లు కాలిలో విరిగిపోయి మా దగ్గరికి వచ్చే పర్యాటకులు ఇక్కడ తక్కువేం కాదు.

సంకేతం అందాక కణం ఒకేసారి రెండు మూడు పనులు మొదలుపెడుతుంది. లోపలి నుంచి అనెక్సిన్లు అనే ప్రొటీన్లు చిరుగు అంచుకు పరుగెత్తి పొరను పట్టుకుంటాయి. కణం లోపలి లైసోజోమ్ సంచులు పొర దగ్గరికొచ్చి దానిలో కలిసిపోయి, కొత్త పొరను అందిస్తాయి. లైసోజోమ్‌లకు ఈ పని ఉందని 2001లో నార్మా ఆండ్రూస్ బృందం చూపించింది. ఆ సంచుల్లోంచి వచ్చే ఒక ఎంజైమ్ పొరను వంచి, రంధ్రమున్న ముక్కను లోపలికి లాగేసేలా చేస్తుంది. ఇంకో మార్గంలో, ఎస్కార్ట్ అనే ప్రొటీన్ల వరుస రంధ్రమున్న భాగాన్ని బుడిపెగా పైకి లేపి, మెడ దగ్గర బిగించి కత్తిరించి, బయటికి వదిలేస్తుంది. 2014లో పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు దీన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. కణం తనకు తగిలిన టాక్సిన్‌తో సహా పొర ముక్కను పోగొట్టుకుంటుంది, తాను మిగులుతుంది.

తెల్లకణాలు ఈ కళలో ఆరితేరినవని అంతకు ముందే తెలుసు. 1985లో కార్డిఫ్‌లో క్యాంప్‌బెల్, మోర్గన్ అనే ఇద్దరు న్యూట్రోఫిల్స్ మీద కాంప్లిమెంట్ దాడిని గమనించారు. కాంప్లిమెంట్ అంటే క్రిములకు చిల్లులు పెట్టడానికి మన రక్తంలో తిరిగే మన సొంత ప్రొటీన్లే. గొడవలో అవి మన తెల్లకణాలకు కూడా తగులుతాయి. చిల్లి పడ్డ న్యూట్రోఫిల్ ఆ రంధ్రాలున్న పొరను చిన్నచిన్న బుడగలుగా రాల్చేసి బతకడం వాళ్లకు కనిపించింది. ఆలోచిస్తే ఇది సహజమే. తమ వాళ్ల ఆయుధాలు కూడా తగిలే చోట పనిచేసే కణం, తనను తాను మరమ్మతు చేసుకోవడం నేర్వకపోతే ఒక పూట కూడా నిలవదు.

ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. పెద్ద చిల్లి ప్రమాదం, చిన్న చిల్లి నయం అని అనుకుంటాం. కణం విషయంలో ఇది తలకిందులు. గొంతునొప్పి తెప్పించే స్ట్రెప్టోకాకస్ క్రిమి స్ట్రెప్టోలైసిన్ ఓ అనే టాక్సిన్ వదులుతుంది. దాని రంధ్రం వ్యాసం సుమారు 30 నానోమీటర్లు. స్టాఫ్ ఆల్ఫా టాక్సిన్ రంధ్రం ఒకటి రెండు నానోమీటర్లే. అయినా స్ట్రెప్టో రంధ్రాన్ని కణం కొద్ది నిమిషాల్లోనే వదిలించుకోగలదు. ఆల్ఫా టాక్సిన్ రంధ్రం నుంచి కోలుకోవడానికి గంటలు పడుతుంది. కారణం కాల్షియమే. పెద్ద రంధ్రంలోంచి అది ధారగా వచ్చి వెంటనే సంకేతం ఇస్తుంది. ఇరుకు రంధ్రంలోంచి పొటాషియం బయటికి జారిపోతుంది గానీ, కాల్షియం చాలినంతగా లోపలికి రాదు. కణానికి దెబ్బ తగిలిందని తెలియడమే ఆలస్యమవుతుంది.

స్ట్రెప్టోలైసిన్ పేరు కొత్తగా అనిపించవచ్చు, కానీ తెలుగు ఇళ్లలో దాన్ని తెలియకుండానే చాలామంది ఎరుగుదురు. కీళ్ల నొప్పులు, జ్వరం ఉన్న పిల్లలకు మేం రాసే ఏఎస్‌ఓ రక్తపరీక్ష ఈ టాక్సిన్‌కు వ్యతిరేకంగా మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను కొలిచేదే. 1932లో ఎడ్గర్ టాడ్ దాన్ని కనిపెట్టాడు. మా దగ్గర గొంతునొప్పి తగ్గి వారాలు గడిచాక మోకాళ్లు వాచి వచ్చిన ఒక బడిపిల్ల రిపోర్టులో ఆ సంఖ్య బాగా పెరిగి ఉంది. 'ఈ అమ్మాయి తెల్లకణాలకు చిల్లులు పెట్టబోయిన టాక్సిన్‌ను శరీరం గుర్తుపెట్టుకుంది' అని ఆ కాగితం చెబుతోంది. గొంతునొప్పికి పెన్సిలిన్ కోర్సు పూర్తిగా వాడితే రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు ఆపవచ్చు. ఆ కోర్సు రెండో రోజుకే ఆగిపోయిన ఇళ్లు ఎన్నో!

మరమ్మతు కుదరనప్పుడు ఏమవుతుందో చెప్పాలి. పొటాషియం బాగా తగ్గిపోయిన మాక్రోఫేజ్ అనే తెల్లకణంలో ఇన్‌ఫ్లమసోమ్ అనే యంత్రాంగం మేల్కొంటుంది. అది గాస్‌డెర్మిన్ డి అనే ప్రొటీన్‌ను కోస్తుంది. కోసిన ఆ ముక్కలు కణం సొంత పొరకే లోపలి నుంచి రంధ్రాలు చేస్తాయి. వాటిలోంచి ఇంటర్‌ల్యూకిన్-1 బయటికి వెళ్లి జ్వరం తెప్పిస్తుంది, మరిన్ని కణాలను పిలుస్తుంది. గాస్‌డెర్మిన్ డి పాత్ర 2015లో తెలిసింది. 2018లో స్విస్ పరిశోధకులు ఇంకో మెలిక చూపించారు: కణం తానే చేసుకున్న ఆ రంధ్రాలను కూడా ఎస్కార్ట్ వరుసతో కత్తిరించి పారేసి, కొన్నిసార్లు బతికి బయటపడుతుంది. జ్వరం కబురు పంపుతుంది, తాను చావదు. కణం పూర్తిగా పగిలిపోవడం కూడా తనంతట జరిగేది కాదని, దానికి నింజ్1 అనే ప్రొటీన్ పనిచేస్తుందని 2021లో తేలింది. దెబ్బకూ చావుకూ నడుమ ఇన్ని మెట్లు ఉన్నాయన్న మాట.

ఆ మెట్లన్నీ ఒకేసారి కూలిపోయిన కేసు ఒకటి చూశాను. వేరే దీవిలో కట్టడం పనిచేస్తున్న యువకుడు. అంతకు ముందు ఏ జబ్బూ లేదు. ఫ్లూ లాంటి జ్వరం, ఒళ్లునొప్పులు. తర్వాత దగ్గులో రక్తం. ఫెర్రీ దిగి మా దగ్గరికి వచ్చేటప్పటికే ఆయాసంతో మాట రావడం లేదు. ఛాతీ ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లగా మచ్చలు. అంత పెద్ద న్యుమోనియాలో తెల్లకణాలు పదిహేను వేలో ఇరవై వేలో ఉండాలి. అతని రిపోర్టులో రెండు వేలు కూడా లేవు. మా ల్యాబ్ టెక్నీషియన్ అనుమానంతో మళ్లీ లెక్కించాడు. అదే సంఖ్య వచ్చింది. అతనితో ఒకే గదిలో ఉండే తమ్ముడు తొడ మీద సెగ్గడ్డలు చూపించాడు, నెలల తరబడి లేస్తూ తగ్గుతూ ఉన్నవి.

అప్పుడే నాకు భయం వేసింది. 2002లో ఫ్రాన్స్‌లోని లియోన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో ఇలాంటి జబ్బునే వర్ణించారు. పాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్ ఉన్న స్టాఫ్ వల్ల ఆరోగ్యవంతులైన పిల్లలకు, యువకులకు వచ్చే న్యుమోనియా అది. ఊపిరితిత్తుల కణజాలం కుళ్లిపోతుంది, రక్తం పడుతుంది. తెల్లకణాలు పెరగాల్సింది పోయి తగ్గిపోవడం అందులో చావు దగ్గరపడిందనడానికి పెద్ద గుర్తని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. కణాలు మరమ్మతు చేసుకునే వేగం కన్నా చిల్లులు పడే వేగం ఎక్కువైంది. వెంటిలేటర్ పెట్టాం. క్రిమిని చంపే మందుతో పాటు, అది టాక్సిన్ తయారుచేయకుండా ఆపే మందు కూడా ఇచ్చాం. అతను దక్కలేదు. తర్వాత వచ్చిన కల్చర్ రిపోర్టులో స్టాఫే ఉంది.

ఆ రెండో మందు సంగతి మామూలు పాఠకులూ తెలుసుకోవాలి. పెన్సిలిన్ జాతి మందులు క్రిమి గోడను పగలగొట్టి చంపుతాయి. క్లిండమైసిన్, లినెజోలిడ్ లాంటివి క్రిమిలో ప్రొటీన్ తయారీనే ఆపేస్తాయి. టాక్సిన్ కూడా ప్రొటీనే కాబట్టి అది తయారవడం ఆగుతుంది. తీవ్రమైన స్టాఫ్, స్ట్రెప్ జబ్బుల్లో ఈ రెండు రకాలనూ కలిపి వాడడం వెనక ఉన్న ఆలోచన ఇదే. క్రిమిని చంపడం ఒక పని, చస్తూ చస్తూ అది మన కణాలను చంపకుండా చూడడం ఇంకో పని. గడ్డకు కత్తి పెట్టి చీము బయటికి తీయడం కూడా ఇందుకే. మాత్రలతోనే కరిగిపోతుందని ఎదురు చూసే గడ్డలో టాక్సిన్ కొలను అలాగే నిలిచి ఉంటుంది.

ఈ దీవుల పేరుతోనే ఒకప్పుడు ఒక జబ్బు ఉండేది. ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్ ప్రాంతంలో 1988 నుంచి ప్రతి ఏడూ వానలు తగ్గే కాలంలో జ్వరం, పిక్కల నొప్పి, దగ్గులో రక్తంతో జనం చనిపోయేవారు. కారణం తెలియక దాన్ని అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అన్నారు. 1993 అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చిన వ్యాప్తి తర్వాత, పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రంలో ఎస్.సి. సెహగల్ బృందం అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో, పొలాల బురదలో ఉండి, కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి వచ్చే క్రిమి అది. నిజానికి ఇది ఇక్కడికి కొత్త కాదు. టేలర్, గోయల్ అనే వైద్యులు బ్రిటిష్ కాలంలోనే ఇక్కడ దాన్ని గుర్తించి 1931లో పుస్తకంగా ప్రచురించారు. మధ్యలో అందరూ మరిచిపోయారు.

డిగ్లిపూర్ వైపు నుంచి వచ్చిన ఒక బెంగాలీ రైతు కుటుంబపు స్త్రీకి నేను వైద్యం చేశాను. వరి కోతల తర్వాత జ్వరం. కళ్లు ఎర్రబడ్డాయి. పిక్కలు ముట్టుకుంటే కేక వేసేది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద, జరావా ఆదివాసీల రిజర్వు దగ్గర కాన్వాయ్ వేళ కోసం ఆగి, బల్లకట్టులు దాటి, ఒక పగలంతా ప్రయాణించి వచ్చారు. అక్కడి ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు లెప్టో అని అనుమానించి, మొదటి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే బండెక్కించాడు. ఆ ఇంజెక్షనే ఆమెను కాపాడిందని నా అభిప్రాయం. మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి. డయాలిసిస్ లేకుండానే కోలుకుంది.

జబ్బు తెచ్చే లెప్టోస్పైరాలు కణపొరలోని స్ఫింగోమైలిన్ అనే కొవ్వును కోసే ఎంజైమ్‌లను వదులుతాయి. వాటిలో కొన్ని పొరకు చిల్లులు పెడతాయి. జబ్బు తేని లెప్టోస్పైరాల్లో ఈ ఆయుధాలు లేవు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇంతకు ముందు చెప్పిన లైసోజోమ్ సంచుల్లోంచి మరమ్మతు కోసం వచ్చే ఎంజైమ్ కూడా ఇదే పని చేస్తుంది, అదే కొవ్వును కోస్తుంది. కణం చేతిలో కొలతతో పడితే మరమ్మతు, క్రిమి చేతిలో అదుపులేకుండా పడితే విధ్వంసం.

ఇన్ఫెక్షన్ వేరు, జబ్బు వేరు అన్న మాటకు ఈ దీవుల్లోనే మంచి రుజువు దొరికింది. ఉత్తర అండమాన్‌లో 782 మంది మీద సెహగల్ బృందం చేసిన ప్రయోగ ఫలితాలు 2000లో వెలువడ్డాయి. లెప్టో కాలంలో కొందరికి వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చారు. రక్తపరీక్షల్లో చూస్తే క్రిమి సోకడం రెండు వైపులా పెద్ద తేడా లేకుండా ఉంది. జబ్బు పడినవాళ్లు మాత్రం మందు వేసుకున్నవారిలో సుమారు సగమే. క్రిమి ఒంట్లోకి వచ్చింది, ఒళ్లు దెబ్బతినలేదు. క్రిముల సంఖ్యను కొంత అదుపులో ఉంచితే చాలు, మిగతా పని మన కణాలు చూసుకుంటాయి అని నేను దీన్ని చదువుకుంటాను.

అయితే చూసుకునే శక్తి వాటికి ఉండాలి. ఇక్కడే మళ్లీ చక్కెర జబ్బు వస్తుంది. 2011లో అమెరికా పరిశోధకులు మధుమేహమున్న ఎలుకల కండర కణాల్లో పొర మరమ్మతే కుంటుపడుతోందని చూపించారు. అది కండరాల మాట. తెల్లకణాల విషయంలో వైద్యులకు చాలాకాలంగా తెలిసిన సంగతి ఇంకోటి: చక్కెర అదుపు తప్పినప్పుడు న్యూట్రోఫిల్స్ గాయం దగ్గరికి చేరడంలో వెనకబడతాయి, మింగిన క్రిమిని చంపడంలోనూ వెనకబడతాయి. అవి మందకొడిగా ఉన్న ఆ గంటల్లో క్రిమి రెట్టింపు అవుతుంది, టాక్సిన్ రెట్టింపు అవుతుంది, చిల్లులూ రెట్టింపు అవుతాయి. ముల్లు గుచ్చుకున్న ఆ వేటగాడి చెయ్యి అంతగా పాడవడానికి సగం కారణం ముల్లు, సగం కారణం ఆయనకు తెలియని షుగరు. రెండుసార్లు శుభ్రం చేసి, ఇన్సులిన్ మీద పెట్టాక చెయ్యి దక్కింది. ఒక వేలు మాత్రం మునుపటిలా ముడుచుకోదు. వల లాగుతాడు గానీ, ముడి వేయడానికి కొడుకును పిలుస్తాడు.

ఇంతమంది రోగులను చూశాక నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. కణం తన చిల్లిని నిమిషాల్లోనో గంటల్లోనో మూసుకోగలదు. మనం పోగొట్టేది రోజులు. పసుపు అద్ది నాలుగు రోజులు చూడడం, మందుల షాపులో చెప్పిన యాంటీబయాటిక్ రెండు పూటలు వేసుకుని ఆపేయడం, ఓడ రేపు ఉంది కదా అని ఆగడం, అన్నీ క్రిమికి మనం ఇచ్చే గడువులే. దీవుల్లో సముద్రం దూరాన్ని నేను తగ్గించలేను. ఆ దూరానికి మనంతట మనం కలిపే ఆలస్యాన్ని తగ్గించుకోవచ్చు.

అందుకే చేపల వేటకు వెళ్లేవారికి, పొలాల్లో పనిచేసేవారికి ఒక మాట. ముల్లు దిగినా, వల తెగి చెయ్యి కోసుకున్నా ముందు శుభ్రమైన నీళ్లతో సబ్బుపెట్టి కడగండి. ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా, వేళ్లు ముడవలేకపోయినా ఆ రోజే వైద్యుడికి చూపించండి. కాలేయ జబ్బు ఉన్నవారు సముద్రపు నీళ్లలో తగిలిన గాయాన్ని అసలే తేలికగా తీసుకోకండి. ఆ నీళ్లలోని కొన్ని విబ్రియో క్రిములు వాళ్ల మీద చాలా వేగంగా విరుచుకుపడతాయి. వాన తగ్గిన నెలల్లో పొలం పని చేసి జ్వరం వస్తే, 'పొలంలో దిగాను' అని డాక్టరుకు చెప్పండి. సెగ్గడ్డలు పదేపదే లేస్తున్న ఇంట్లో తువ్వాళ్లు, రేజర్లు ఎవరివి వారికి వేరుగా ఉంచండి. ముప్పై దాటిన ప్రతివారూ ఏడాదికోసారి రక్తంలో చక్కెర చూపించుకోండి. ఆ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చేస్తారు. వేలికొన నుంచి చుక్క రక్తం చాలు, ఫలితం నిమిషంలో తెలుస్తుంది.